గ్రౌల్ నేర్చుకున్న పద్నాలుగు నెలలు

2022 ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున అమ్మకు ఫోన్ చేసి "అమ్మా" అన్నాను. గాలే వచ్చింది, మాట రాలేదు. మళ్లీ ప్రయత్నిస్తే రేకు మీద గోరుతో గీకినట్టు ఏదో చప్పుడు. "ఏమైంది బిడ్డా, గొంతు గట్ల పోయింది? జరమొచ్చిందా?" అని అమ్మ కంగారు పడింది. "ఊఁ" అన్నాను. జ్వరం కాదు. ముందురోజు సైనిక్‌పురిలో జామ్‌రూమ్, అంటే బ్యాండ్లు సాధన చేసుకునే గది, తీసుకుని మూడు గంటలపాటు మైకులో అరిచాను. మా బ్యాండ్‌లో పాడే అబ్బాయి కెనడా వెళ్లిపోయాడు. అతని బదులు నేను పాడతానని మాట ఇచ్చాను. గ్రౌల్ అంటే అరవడమే అనుకున్నాను. ఎంత గట్టిగా అరిస్తే అంత మెటల్ అనుకున్నాను.

మెటల్ అంటే బరువైన గిటార్ల రాక్ సంగీతం. గ్రౌల్ అంటే అందులో ఒక రకమైన డెత్ మెటల్ పాటల్లో వినిపించే ఆ లోతైన, గరగరలాడే గొంతు. రాగం ఉండదు, మాట మొత్తం ఉరుములా దొర్లుకుంటూ వస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు చాలామంది "ఇదేం పాట?" అంటారు. నేను అనలేదు. ఎందుకు అనలేదో చెప్పాలంటే గోదావరిఖని నుంచి మొదలుపెట్టాలి.

మా నాయిన సింగరేణిలో కోల్ ఫిల్లర్. బొగ్గుబాయి దిగి తట్టా చెమ్మస్‌తో, అంటే తట్టా పారతో, బొగ్గెత్తి టబ్బులు నింపే పని. నేను పుట్టి పెరిగింది కాలనీ క్వార్టర్‌లో. షిఫ్టు సైరన్, రాత్రిపూట బొగ్గు వ్యాగన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు, ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడు వంటింట్లో గిన్నెలు గలగలమనే చప్పుడు. ఇవి వింటూ నిద్రపోయిన పిల్లను. 2007లో హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉండగా హాస్టల్‌లో ఒక సీనియర్ అక్క తన ఇయర్‌ఫోన్ ఒకటి తీసి నా చెవిలో పెట్టింది. బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ పాట. ఆ గిటారు ఒక్కో అడుగూ బరువుగా వేసుకుంటూ నడుస్తోంది. నాకు ఇల్లు గుర్తొచ్చి కళ్లు తడి అయ్యాయి. అక్క బెదిరిపోయి ఇయర్‌ఫోన్ తీసేసింది.

ఆ బ్యాండ్ పుట్టిన బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల ఊరని తర్వాత తెలిసింది. గిటారిస్టు టోనీ అయోమీ 17 ఏళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే కుడిచెయ్యి మిషన్‌లో పడి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం. అంటే తీగలు నొక్కాల్సిన వేళ్లే పోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. సన్నటి తీగలు కట్టుకున్నాడు, కొన్నాళ్లకు వాటిని వదులు చేసి శ్రుతి కిందికి దించాడు. 1970 ఫిబ్రవరి 13న వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌తోనే హెవీ మెటల్ పుట్టిందని చాలామంది అంటారు. కొస తెగిన వేళ్లు మా కాలనీలో ప్రతి వీధిలోనూ ఉండేవి. ఆ సంగీతం మనది కాదని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

నేను మొదటి సంవత్సరంలో ఉన్న ఆ 2007లోనే, మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండ్ మెటల్ బ్యాండ్ వాయించింది. మా కాలేజీ నుంచి అబ్బాయిలు పదిమంది రైలెక్కారు. నన్ను పంపేవాళ్లు ఎవరూ లేరు, అడిగే ధైర్యమూ లేదు. నా వంతు 2011లో వచ్చింది. ఆ సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణిలోనూ పని ఆగింది, నాయినకు జీతం లేదు. అప్పటికి ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి నా జీతంలో ఎక్కువ భాగం ఇంటికి పంపి, మిగిలినదాంట్లో అమెరికా బ్యాండ్ మెటాలికా కచేరీకి టికెట్ కొన్నాను. 42 రోజుల సమ్మె ముగిసిన వారానికి, అక్టోబర్ 30న, అదే ప్యాలెస్ గ్రౌండ్స్‌లో నిలబడి ఉన్నాను. రెండు రోజుల ముందు గుర్గావ్‌లో జరగాల్సిన కచేరీ రద్దయింది, అక్కడి టికెట్లు చేతిలో పట్టుకుని ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లు నా పక్కనే ఉన్నారు. గుంపు ఒక్కసారి కదిలినప్పుడు కిందపడ్డాను. తొక్కేస్తారనే భయం గుండె దాకా వచ్చేలోపే నాలుగైదు చేతులు నన్ను పైకి లేపేశాయి. చెప్పు ఊడిపోతే ఎవరో దాన్ని నెత్తిమీదికి ఎత్తి "ఎవరిది, ఎవరిది" అని అరుస్తున్నారు. వాళ్ల ముఖాలు కూడా గుర్తులేవు.

ఇక గొంతు సంగతి. నాలుగు రోజులైనా మాట రాకపోయేసరికి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ముక్కులోంచి సన్నటి గొట్టం కెమెరా దించి తెరమీద చూపించారు. రెండు తెల్లటి స్వరతంత్రులు, వాటి అంచుల్లో ఎదురెదురుగా చెరొక చిన్న ఎర్రటి వాపు. ఇలాగే కొనసాగితే అవి గట్టిపడి కాయలవుతాయని డాక్టర్ చెప్పారు. వారం రోజులు పూర్తి మౌనం. గుసగుస కూడా వద్దన్నారు. గుసగుసలాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటాం కానీ, అప్పుడు కూడా ఆ కండరాలు బిగుసుకునే ఉంటాయట. ఆ తర్వాత స్పీచ్ థెరపీ. "మళ్లీ అలా పాడొచ్చా?" అని ఫోన్‌లో టైప్ చేసి చూపించాను. "నేర్చుకుని పాడండి" అన్నారు. వద్దంటారనుకుని వెళ్లినదాన్ని, ఆ మాట పట్టుకుని బతికాను.

మౌనం పాటించడానికి ఇంటికి వెళ్లాను. మాట్లాడకుండా ఇంట్లో కూర్చుంటే మనుషులు మనకు చాలా చెబుతారు. నా టీషర్టు మీద రెండు వేళ్లు కొమ్ముల్లా లేపిన చెయ్యి బొమ్మ చూసి అమ్మ "గిదేం గుర్తు?" అంది. రోనీ జేమ్స్ డియో అనే గాయకుడు ఈ గుర్తును మెటల్‌లోకి తెచ్చాడని, ఆయన ఇటలీ నాయనమ్మ దిష్టి తగలకుండా అలా వేళ్లు పెట్టేదని నోట్‌బుక్‌లో రాసి చూపించాను. అమ్మ రెండుసార్లు చదివింది. "మంచిదే కద మరి" అని వెళ్లి తాలింపు పెట్టుకుంది. ఆ గుర్తు గురించి ఇంట్లో మళ్లీ ప్రశ్న రాలేదు.

నాయిన రిటైరై అప్పటికి మూడేళ్లు. సాయంత్రం అరుగుమీద కూర్చుని, నేను రాసిందంతా చదివి, చాలాసేపు ఊరకున్నాడు. తర్వాత బాయి సంగతి ఎత్తాడు. "కొత్త జాగల నిలబడే ముందు కట్టెతోని పైకప్పు కొట్టి చూసేటోళ్లం. గట్టిగున్నదైతే గంట లెక్క ఖంగుమంటది. డొల్లగున్నదైతే బొద్దుమంటది. డొల్ల మోగినకాడ నిలబడొద్దు బిడ్డా, ముంగట ఎంత బొగ్గున్నా సరే." నా గొంతు గురించి ఆయనకు తెలిసింది ఏమీ లేదు. కానీ నాకు దొరికిన మొదటి పాఠం అదే.

హైదరాబాద్ వచ్చాక ఏప్రిల్, మే నెలలు థెరపీ. గ్లాసులో సగం నీళ్లు పోసి స్ట్రా ముంచి, బుడగలు తేలుతుండగా "ఊఁ" అని శ్రుతి పట్టడం. రోజుకు ఐదుసార్లు, ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు. నీళ్ల ఒత్తిడి వెనక్కి తన్నుతూ స్వరతంత్రులను మెత్తగా తెరిపిస్తుంది. గొంతు బిగిస్తే బుడగలు తెగిపోతాయి, అంటే తప్పు వెంటనే కళ్లకు కనిపిస్తుంది. పాటలు పాడే ఎవరికైనా ఇది పనికొస్తుంది, మెటల్ అక్కర్లేదు. ఇప్పటికీ నా బ్యాగులో స్టీలు స్ట్రా ఒకటి ఉంటుంది.

జూన్‌లో ఆన్‌లైన్‌లో వారానికొకసారి గ్రౌల్ పాఠాలు మొదలుపెట్టాను. నాకంటే ముందు ఆడవాళ్లు ఇది చేసి చూపించారు కాబట్టే ఆ ధైర్యం. స్వీడన్ బ్యాండ్ ఆర్చ్ ఎనిమీలో 2000లో చేరిన జర్మన్ గాయని ఏంజెలా గోసోవ్ గొంతు విని మగవాడనుకున్నవాళ్లు లెక్కలేనంత మంది. న్యూయార్క్‌లో మెలిస్సా క్రాస్ అనే గాత్ర శిక్షకురాలు గొంతు పాడుకాకుండా అరవడం ఎలాగో 2005లోనే వీడియో పాఠాలు తెచ్చింది. జింజర్ బ్యాండ్ గాయని తాతియానా శ్మైల్యుక్ పేరైతే నా గదిలో గోడమీద రాసి పెట్టుకున్నాను. ఆ బ్యాండ్ ఉక్రెయిన్‌లోని హోర్లివ్కాలో మొదలైంది. దొనెత్స్క్ ప్రాంతం, బొగ్గు గనుల ఊరు. తాతియానా ఒకే పాటలో తియ్యగా పాడి, మరుక్షణం నేల కింద నుంచి లేచినట్టు గర్జిస్తుంది. బొగ్గుబాయి ఊరి పిల్ల.

అసలు రహస్యం ఇది. మాట్లాడేటప్పుడు కొట్టుకునే స్వరతంత్రులకు కొంచెం పైన ఇంకో జత మడతలుంటాయి. వాటిని ఫాల్స్ కార్డ్స్ అంటారు. మింగేటప్పుడు, బరువెత్తేటప్పుడు అవి దగ్గరికొచ్చి దారి మూస్తాయి. గ్రౌల్‌లో ఆ మందపాటి మడతలు కంపించాలి. అసలు స్వరతంత్రుల మీద భారం పడకూడదు. ఇది డెత్ మెటల్ వాళ్లు కనిపెట్టిందేం కాదు. మంగోలియా పక్కన రష్యాలో ఉన్న తువా ప్రాంతం వాళ్లు కర్గిరా అనే గాన పద్ధతిలో, టిబెట్ బౌద్ధ సన్యాసులు మంత్రపఠనంలో ఈ మడతలనే వాడతారు. 1980లలో ఫ్లోరిడాలో డెత్ లాంటి బ్యాండ్లు ఆ లోతుకు గిటార్ల వేగం జోడించాయి.

చదివితే తేలికే. ఆ మడతలు ఎక్కడున్నాయో ఒంటికి తెలియడానికి నాకు పదకొండు వారాలు పట్టింది. మొదట నిట్టూర్పు. పనంతా అయ్యాక కుర్చీలో కూలబడి "హా..." అంటామే, అది. ఆ నిట్టూర్పు చివర్లో బియ్యం బస్తా ఎత్తబోయినట్టు పొట్ట కొంచెం బిగించాలి. గొంతులో గాలి మందం అవుతుంది. అక్కడ ఒక గర్ర్ మనే చప్పుడు, ముసలాయన గురకంత. అంతే. దాన్నే రోజుకు పది నిమిషాలు, నెలరోజులు. పదకొండో నిమిషం వద్దని టీచర్ గట్టిగా చెప్పేవారు. ఆగస్టు చివర్లో ఒక రాత్రి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు అద్దాలు ఎక్కించుకుని సాధన చేస్తుంటే, ఆ గురక ఒక్కసారిగా విచ్చుకుంది. ఛాతీలో, వీపులో, సీటులో కూడా తెలిసింది. గొంతులో మాత్రం ఏమీ లేదు. నొప్పి లేదు, దురద లేదు. ఎవరో నా లోపల నిలబడి మాట్లాడినట్టుంది. భయం వేసి ఆపేశాను, మళ్లీ చేశాను, మళ్లీ వచ్చింది.

ఇంకో సంగతి, నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది. గ్రౌల్ అంత గట్టిగా ఉండదు. రికార్డింగ్‌లో కొండచరియ విరిగిపడినట్టు వినిపించే గొంతు గదిలో మైకు లేకుండా వింటే మామూలు మాటల కంటే కాస్త ఎక్కువ, అంతే. పెద్దది చేసే పని మైకుది. ఫిబ్రవరిలో నేను చేసింది మైకు పని కూడా గొంతుతో చేయించడం. మైకు జాలీని గుప్పిట్లో మూసి పట్టుకుంటే గొంతు ఇంకా లోతుగా వినిపిస్తుందని కొందరు అలా పట్టుకుంటారు. నాకది నచ్చదు. మాట ముద్దయిపోతుంది, స్పీకర్ కుయ్యిమంటుంది. ఇక నొప్పి తెలియకుండా చేసే మెంథాల్ బిళ్లలు పాడేముందు చప్పరించొద్దు. డొల్ల మోగితే వినిపించాలి కదా, ఆ చెవినే మూసేసినట్టవుతుంది.

దసరా తర్వాత బ్యాండ్‌తో మళ్లీ కూర్చున్నాను. ఆదివారాలు, గంటకు ఐదు వందల అద్దె, నలుగురం పంచుకునేవాళ్లం. డ్రమ్స్ వాయించే తమ్ముడు రెండు కాళ్లతో డబుల్ పెడల్ తొక్కుతుంటే నేలంతా అదిరేది. వాళ్లు ఎనిమిది నెలలు నాకోసం ఆగారు. ఇంకొకరిని వెతుక్కోమని రెండుసార్లు చెప్పాను, వినలేదు. ఊళ్లో ఈ సంగీతం వాయించేవాళ్లు తక్కువ, అందుకే ఒకరినొకరు వదులుకోరు. డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లెం, సింబల్, పగిలితే వేరే బ్యాండ్ వాడు తనది తెచ్చిస్తాడు. బెంగళూరులో 1998లో మొదలైన క్రిప్టోస్ బ్యాండ్ 2013లో జర్మనీలోని వాకెన్ మెటల్ పండుగలో వాయించిందన్నా, హైదరాబాద్‌తో ముడిపడిన గాడ్‌లెస్ 2021లో పూర్తి ఆల్బమ్ తెచ్చిందన్నా, అది మా ఇంటి పిల్లల రిజల్ట్ వచ్చినట్టే చెప్పుకుంటాం.

అప్పటిదాకా మా పాటలన్నీ ఇంగ్లీషువే. ఒకటి తెలుగులో రాస్తానన్నాను. గిటారు తమ్ముడి దగ్గర ఏడు దెబ్బల రిఫ్, అంటే మళ్లీ మళ్లీ తిరిగొచ్చే గిటారు ముక్క, ఒకటి ఉంది, మూడు, నాలుగుగా విరుగుతుంది. అది వినగానే ఇంటర్‌లో తెలుగు సార్ బల్ల మీద దరువేసి చెప్పిన వృషభగతి రగడ అనే ఛందస్సు గుర్తొచ్చింది. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్లీ మూడు, మళ్లీ నాలుగు. బాయి మీద రాశాను: "నల్ల నేలను చీల్చు గుండెల బొగ్గు పొగలై లేచె గొంతుక." రిఫ్ మీద పెడితే ఒక్క మాత్ర కూడా జరపాల్సిన పని రాలేదు. ఆ రోజు జామ్‌రూమ్‌లో నలుగురం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

తెలుగులో గ్రౌల్ చేయడం వేరే విద్య. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అది వరమూ అయింది, చిక్కూ అయింది. "ఉ"తో, "ఓ"తో ముగిసే మాటకు పెదవులు గుండ్రంగా అవుతాయి కాబట్టి గర్జన ఇంకా కిందికి దిగుతుంది. "ఇ"తో ముగిస్తే పలచబడి పైకి పోతుంది. పాదాల చివర "ఇ" పడకుండా మూడుసార్లు తిరగరాశాను. మహాప్రాణాలైతే చెప్పనక్కర్లేదు. ఘ, ధ, భ సరిగ్గా ఒత్తి పలికితే ఆ ఊపిరే మడతలను లేపుతుంది. మాటల్లో మనం బద్ధకించి "బూమి" అనేస్తాం. గ్రౌల్‌లో "భూమి" అని పలకకపోతే ఆ మాట పుట్టనే పుట్టదు. "ళ" మాత్రం ఇప్పటికీ కష్టం, నాలుక మడత పడేసరికి గాలి దారి మారిపోతుంది.

మొదటి ప్రదర్శన 2023 ఏప్రిల్‌లో ఒక ఆదివారం, జూబ్లీహిల్స్ వైపు ఒక పబ్బులో. నాలుగు బ్యాండ్లు, మాది రెండోది, ఇరవై ఐదు నిమిషాలు, ఐదు పాటలు. డ్రమ్ కిట్ అందరికీ ఒకటే, స్నేర్, సింబల్స్ ఎవరివి వాళ్లు మోసుకురావాలి. వచ్చినవాళ్లు డెబ్బై మంది ఉంటారు. అందరివీ నల్లటి టీషర్టులే, ఎక్కువ వాటి మీద స్థానిక బ్యాండ్ల పేర్లే. ఆ టీషర్టులు కొంటేనే వాళ్ల పెట్రోలు ఖర్చు వస్తుందని అందరికీ తెలుసు.

మొదటి పాటలోనే నా ముందున్న మానిటర్ స్పీకర్‌లో నా గొంతు రావడం లేదని అర్థమైంది. గిటార్లు, డ్రమ్స్ తప్ప ఏమీ వినపడలేదు. మన గొంతు మనకు వినపడకపోతే ఒళ్లు తనంతట తానే గట్టిగా అరవమంటుంది. ఫిబ్రవరి నాటి మూడు గంటలు కళ్ల ముందుకొచ్చాయి. సౌండ్ చూసే అన్నకు చేత్తో సైగ చేశాను, ఆయన చీకట్లో గమనించలేదు. ఎడమ అరచెయ్యి తీసి ఛాతీ ఎముక మీద పెట్టుకున్నాను. సాధనలో సీటుకు తెలిసిన ఆ అదురు అరచేతికి తెలుస్తుందా అని. తెలిసింది. చెవి వదిలేసి చేతిని నమ్ముకుని పాడాను. అదురు సన్నబడిన చోట గాలి తగ్గించాను, ఒక పాదం సగం వదిలేశాను కూడా. రెండో పాట సగంలో మానిటర్ సరిచేశారు, కానీ చెయ్యి తీయలేదు. జనం అదేదో భంగిమ అనుకున్నారట.

తెలుగు పాట నాలుగోది. ఏడు దెబ్బల రిఫ్ మొదలవగానే ముందు గుంపు విడిపోయి మధ్యలో ఖాళీ ఏర్పడింది, పదిహేను మంది దాకా ఒకరి మీద ఒకరు పడుతూ తిరగడం మొదలుపెట్టారు. స్టేజీ మీద నుంచి చూస్తే దాని తీరు కనబడుతుంది. అంచున నలుగురు పొడుగు కుర్రాళ్లు చేతులు చాచి నిలబడ్డారు, పక్కన ఊరికే వినేవాళ్ల మీద ఎవరూ పడకుండా. వాళ్లను ఎవరూ నియమించలేదు. ఒకమ్మాయి కళ్లద్దాలు జారితే తిరగడం మొత్తం ఆగిపోయింది. ఫోన్ లైట్లు వేసి వెతికి, ఆమె చేతికిచ్చి, మళ్లీ మొదలుపెట్టారు. నేను "గొంతుక" అనే మాటను ఎంతసేపు పట్టుకోగలనో అంతసేపు పట్టుకున్నాను. చివరి "క"ను నోరు తెరిచి వదిలేశాను.

దిగాక ఆ కళ్లద్దాల అమ్మాయి వచ్చి "అక్కా, గొంతు నొప్పి లేస్తలేదా?" అని అడిగింది. ఇంటర్ చదివే వయసుంటుంది, వాళ్లన్నతో వచ్చింది. స్ట్రా తీసి చూపించి, నీళ్లలో బుడగల సంగతి, పది నిమిషాల నియమం, అన్నీ అక్కడే మెట్లమీద కూర్చుని చెప్పాను. మూడో బ్యాండ్ సగం మిస్సయ్యాం ఇద్దరం.

మర్నాడు సోమవారం. లేచి, వేడినీళ్లు తాగి, మెల్లగా ఒక "ఊఁ" పట్టి చూసుకుని, అమ్మకు ఫోన్ చేశాను. ప్రదర్శన ఆదివారమని ఆమెకు ముందే చెప్పి ఉంచాను.

"అమ్మా, ఏం జేస్తున్నవ్?"

అవతల కాసేపు చప్పుడు లేదు.

"గొంతు మంచిగనే ఉన్నది గద బిడ్డా," అంది. "నిన్న పాడలేదా ఏంది?"